నడుస్తున్న బండికి చక్రం మార్చడం

సంచికకు ఏదైనా రాసిమ్మని అడిగిన మిత్రులు కథో, కవితో వస్తుందని ఆశించి ఉంటారు. నేను రాస్తున్నది హార్డ్ డిస్కుల గురించి. పేరు చూసి పేజీ తిప్పేయబోయే చదువరులకు ఒక్క మనవి. మీ అక్క పెళ్ళి ఫోటోలు, మీ తాత మాట్లాడిన వీడియో, మూడేళ్ళుగా మీరు కూడబెట్టుకున్న నోట్సు, ప్రాజెక్టు లెక్కలు ఇవాళ ఎక్కడున్నాయి? ఫోనులో అంటారు, లాప్‌టాప్‌లో అంటారు, 'క్లౌడు'లో అంటారు. ఆ క్లౌడు మబ్బూ కాదు, మాయా కాదు. ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో వరసగా పేర్చిన యంత్రాలు, వాటిలో చాలామటుకు గిరగిరా తిరిగే డిస్కులు. తిరిగేది ఏదైనా ఒకనాడు ఆగక తప్పదు. ఆగబోతున్నప్పుడు ఏం చేయాలో తెలిసి ఉండడం ఎంత అవసరమో నాకు పోయిన ఏడాది మా మామ ఇంట్లో తెలిసింది. అదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ముందు ఈ డిస్కు కథ కాస్త. 1956లో ఐబీఎం కంపెనీ మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని బయటికి తెచ్చింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50. బరువు టన్ను పైమాటే. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, అనగా ఇవాళ మనం ఫోనుతో తీసే ఒక మంచి ఫోటో! ఇప్పుడు అరచేతిలో ఇమిడే డిస్కులో 4 టెరాబైట్లు, అంటే నాలుగు లక్షల కోట్ల అక్షరాలు పడతాయి. లోపల పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంచు దగ్గర దాని వేగం గంటకు సుమారు 95 కిలోమీటర్లు. ఆ పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం అంతకు వేల రెట్లు. ఇలాంటి వస్తువు ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు పనిచేస్తున్నదంటే, అది పాడవడం కాదు, ఇన్నాళ్ళు పాడవకపోవడమే వింత.

నేను చదువు కోసం ఊరు వదిలి అనంతపురంలో మా చిన్నమామ ఇంట్లో ఉంటున్నాను. మామ పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియోలు తీస్తాడు. ఇంట్లో మెట్ల కింద ఒక పెట్టె పెట్టాడు. అది పాత కంప్యూటరే. ముందువైపు నాలుగు గూళ్ళ చట్రం బిగించి, గూటికొకటి చొప్పున నాలుగు డిస్కులు దూర్చాడు. పైగదిలో ఎడిటింగు చేసే ఇద్దరు కుర్రాళ్ళకూ అందులోంచే పని నడుస్తుంది. పదేళ్ళ పెళ్ళిళ్ళు అందులో ఉన్నాయి. మా జిల్లాలో సగం మందికి తాళికట్టు ఆ మెట్ల కిందే జరిగిందని మామ హాస్యమాడుతుంటాడు.

నాలుగు డిస్కులను విడివిడిగా వాడలేదు. 'రైడ్' అనే పద్ధతిలో కట్ట కట్టాడు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చౌక డిస్కులు కొన్ని కలిపి కట్టుకుంటే వేగమూ వస్తుంది, ఒకటి చచ్చినా పని ఆగకుండానూ చేసుకోవచ్చునని దాని సారాంశం. ఇందులోని కిటుకు మన ఇంటర్మీడియట్ లెక్కల స్థాయి కూడా కాదు. మూడు డిస్కుల్లో ఒకే వరసలో ఉన్న అంకెలు 1, 0, 1 అనుకోండి. ఒకట్లు రెండు, సరిసంఖ్య. కనుక నాలుగో డిస్కులో 0 రాస్తారు. ఒకట్లు బేసి అయి ఉంటే 1 రాసేవారు. నాలుగూ కలిపి చూస్తే ఒకట్లు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలన్నది కట్టుబాటు. ఇప్పుడు నాలుగింట్లో ఏ ఒక్కటి చెరిగిపోయినా, తక్కిన మూడింటినీ చూసి పోయినది సున్నానా ఒకటా అని చెప్పేయవచ్చు. మిరపకాయ బస్తాల్ని నలుగురు అన్నదమ్ములు పంచుకున్నాక ఒకడు తన వాటా ఎంతో మరిచిపోతే, మొత్తంలోంచి ముగ్గురివీ తీసేసి చెప్పమూ? అంతే. ఈ సరి-బేసి గుర్తుల్ని ఒకే డిస్కులో కాకుండా నాలుగింటికీ వంతులవారీగా పంచుతారు. దీన్నే రైడ్-5 అంటారు. నాలుగు నాలుగులు పదహారు టెరాబైట్లు కొంటే పన్నెండు మనవి. నాలుగు ఈ భరోసాకు పోతాయి.

2025 మే నెల. ముహూర్తాల రద్దీ. ఒక సాయంత్రం పెట్టె నుంచి మామ ఫోనుకు ఒక హెచ్చరిక వచ్చింది. "ఇదేందో చూడు అల్లుడూ, ఇంగ్లీషులో మొరుగుతాంది" అని ఫోను నా చేతికిచ్చాడు. రెండో డిస్కులో చదవలేకపోతున్న గడులు ఎనిమిది ఉన్నాయని దాని సారాంశం. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం తానే లెక్కరాసుకుంటుంది. ఎన్ని గంటలు తిరిగింది, ఎంత వేడెక్కింది, ఎన్ని గడులు చెడి పక్కవాటికి మార్చుకుంది అన్నవి ఆ లెక్కలు. వాటిని చూసి మనం కనిపెట్టుకుని ఉండాలి.

ఎనిమిది గడులేగదా, కోట్లకొద్దీ గడుల్లో ఎనిమిది ఏ మూలకని మామ అన్నాడు. నాకూ మొదట అలాగే అనిపించింది గానీ, చదివిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక నివేదిక ఇచ్చారు. డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు మొదటి లోపం బయటపడిన తర్వాత అరవై రోజుల్లో అది చచ్చే అవకాశం, లోపం లేనివాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువట. అదే నివేదికలో ఇంకో మాటా ఉంది. చచ్చిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన ఈ హెచ్చరికలేవీ ఇవ్వకుండానే చచ్చాయి. అంటే హెచ్చరిక వస్తే నమ్మాలి, రాకపోతే నమ్మకూడదు. మా ఊళ్ళో పురుగు సంగతీ ఇంతే. ఆకు మీద ఒకటి కనిపించిందంటే చేనంతా ఉన్నట్టే. కనిపించలేదని లేనట్టు కాదు.

అంతకు వారం ముందే మా పక్క ఊరి ఆడబిడ్డ ఒకామె మామ దగ్గరికి వచ్చి వెళ్ళింది. ఆమె పెళ్ళి 2019లో జరిగింది. తండ్రి 2021లో కరోనాతో పోయాడు. పెళ్ళి వీడియో పెన్‌డ్రైవులో ఇచ్చి ఉన్నాము, అది పాడైపోయింది. "మా నాయన మాట్లాడిన వీడియో ఇంకేదీ లేదన్నా. అప్పగింతలప్పుడు నాతో మాట్లాడినాడు. అదొక్కటి తీసిపెట్టు" అని అడిగింది. పెళ్ళిళ్ళ హడావిడిలో మామ "తీసిపెడతాలేమ్మా, యాడికి పోతాది" అన్నాడు. యాడికి పోతుందో ఆ సాయంత్రం మా ఇద్దరికీ అర్థమైంది. ఒక డిస్కు పోతే ఫరవాలేదు. ఆ స్థితిలో ఇంకొకటి పోయిందా, మొత్తం పన్నెండు టెరాబైట్లూ గల్లంతే. ఆ నాలుగూ ఒకేరోజు ఒకే దుకాణంలో కొన్నవి, ఒకే వేడిలో ఐదేళ్ళు తిరిగినవి. ఒకే ఈడు ఎద్దులు ఒకేసారి ముసలివవుతాయి.

కాబట్టి స్క్రూడ్రైవరు పట్టకముందే చేయవలసిన పని ఒకటుంది. మళ్ళీ తీయడానికి వీల్లేనివన్నీ ముందు బయటి డిస్కులోకి నకలు తీశాము. మొదట ఆమె పెళ్ళి, తర్వాత ఇంకా డబ్బు లెక్క తేలని పెళ్ళిళ్ళు (అది మామ వరస), తర్వాత మిగిలినవి పట్టినన్ని. నకలు రాత్రంతా నడిచింది.

ఈలోగా కొత్త డిస్కు. దుకాణంలో కుర్రవాడు కొంచెం తక్కువ ధరకు ఒకటి చూపించాడు. అది 'షింగిల్డ్' రకం. ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా గీతలు గీసే డిస్కు. స్థలం కలిసొస్తుంది గానీ, ఒక పెంకు మార్చాలంటే దాని మీదివన్నీ లేపాలి. ఇలాంటి కట్టలో దూర్చి మొత్తం తిరగరాయించాలంటే అది ఈడ్చి ఈడ్చి చేస్తుంది. గీతలు విడివిడిగా ఉండే 'సీఎంఆర్' రకమే కావాలని అడిగి తెచ్చాము. పాతదాని కంటే ఒక్క గడి తక్కువున్నా కట్ట ఒప్పుకోదు గనుక కొలత సరిచూసుకున్నాము. తెచ్చినదాన్ని తెచ్చినట్టు పెట్టకుండా వేరే కంప్యూటరుకు తగిలించి ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదివించాము. విత్తనం వేసేముందు నాలుగు గింజలు తడిగుడ్డలో కట్టి మొలకెత్తుతున్నాయా అని మా అవ్వ చూసేది, ఇదీ అలాంటిదే.

తెల్లవారింది. ఇప్పుడు పెట్టెను ఆపి మార్చడమా, నడుస్తుండగానే మార్చడమా? పైన ఇద్దరు కుర్రాళ్ళు ఆ సాయంత్రానికి ఇవ్వవలసిన ఆల్బం మీద కూర్చుని ఉన్నారు. అది ఒక కారణం. రెండోది, ఏళ్ళకేళ్ళు ఆగకుండా తిరిగిన డిస్కును ఒకసారి ఆపితే మళ్ళీ లేవకపోవడం కద్దు. మిగిలిన మూడింటికీ ఆ పరీక్ష పెట్టే సమయం అది కాదు. నడుస్తుండగానే మార్చే ఈ పద్ధతినే 'హాట్ స్వాప్' అంటారు.

కరెంటు ఉండగా తీగ పీకితే కాలిపోదా అని మామ భయం. న్యాయమైన భయమే. అయితే ఇప్పటి సాటా డిస్కులను ఈ పని కోసమే ఆలోచించి చేశారు. డిస్కు వెనక కరెంటుకు 15, సమాచారానికి 7 చొప్పున రాగి పలకలుంటాయి. పరిశీలనగా చూస్తే అన్నీ ఒకే పొడవు ఉండవు. ఎర్తుకు సంబంధించిన కొన్ని అన్నిటికంటే పొడవు. వాటి తర్వాత, కరెంటు ఒక్కసారిగా ఉరకకుండా మెల్లగా అందించేవి. మిగిలినవి ఆఖరున తగులుతాయి. లోపలికి తోసేటప్పుడు ఈ వరస. బయటికి లాగేటప్పుడు సరిగ్గా దీనికి తలకిందులు. ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు తేడాలో ఇంత మర్యాద పెట్టిన ఇంజనీర్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. అయితే డిస్కు ఒక్కటీ ఒప్పుకుంటే చాలదు. మదర్‌బోర్డూ, దాని సెట్టింగూ, చట్రమూ, ఆపరేటింగ్ సిస్టమూ అన్నీ ఒప్పుకోవాలి. మా పెట్టెలో ఒప్పుకుంటాయని ముందే చూసుకున్నాము.

అసలు ప్రమాదం కరెంటుది కాదు. ఏ డిస్కు తీయాలో తెలియకపోవడం! కంప్యూటరు దానికి 'బీ' అని పేరు పెట్టింది. మామ పైనుంచి రెండో గూటి మీద చేయి వేసి "ఇదే గదా?" అన్నాడు. "ఉండు మామా, ఆ పేర్లు మనం పెట్టినవి కావు" అన్నాను. ఎ, బి, సి, డి అన్నవి కంప్యూటరు లేచినప్పుడు ఏది ముందు కనిపిస్తే దానికి ఆ పేరు పెట్టుకునే వరస. ఈసారి బి అయినది వచ్చేసారి సి కావచ్చు. గూళ్ళ వరసకూ దానికీ చుట్టరికం లేదు. జబ్బుదాన్ని పక్కనపెట్టాక, తొందరపాటున బాగున్నదాన్ని పీకామా, మొత్తం కట్ట అక్కడికక్కడే నిలిచిపోతుంది. ఆస్పత్రిలో కుడికాలికి బదులు ఎడమకాలు కోసినట్టే.

మారనిది ఒక్కటే, డిస్కు వంటి మీద అచ్చువేసిన సీరియల్ నంబరు. కంప్యూటరును అడిగితే జబ్బు డిస్కు నంబరు చెప్తుంది. కానీ గూట్లో ఉండగా ఆ చీటీ మనకు కనిపించదు. అందుకని పైన కుర్రాళ్ళను ఐదు నిమిషాలు టీ తాగి రమ్మన్నాము. పెట్టె నిశ్శబ్దమయ్యాక ఆ ఒక్క డిస్కునే ఆపకుండా చదవమని ఆజ్ఞ ఇచ్చాను. పైనుంచి మూడో గూటి దీపం మిణుకుమనకుండా వెలుగుతూ నిలబడింది. మామ రెండో గూటి మీద నుంచి చేయి మెల్లగా తీసేశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాతి పని నిజానికి చిన్నది. ముందు కట్టతో ఈ డిస్కు చెడిపోయిందని చెప్పించాలి, దాన్ని కట్టలోంచి విడిపించాలి. ఆపైన ఈ డిస్కు ఇక లేదనుకోమని ఆపరేటింగ్ సిస్టముకు చెప్పాలి. అప్పుడు డిస్కు ముల్లును పక్కకు తీసుకుని, తిరగడం ఆపడం మొదలుపెడుతుంది. చట్రం మీట లాగి ఒక అంగుళం మాత్రం బయటికి తీసి, అర నిమిషం ఊరుకున్నాము. కరెంటు పోయినా పళ్ళెం వెంటనే ఆగదు. తిరిగే పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పితే లోపల గీసుకుపోతుంది. చేతికి అదురు తెలియడం మానేశాక పూర్తిగా తీశాము. వంటి మీద నంబరు చూశాము. సరిపోయింది. కొత్తదాన్ని అదే గూట్లో గట్టిగా, ఒకే ఊపున తోశాము. కొద్ది క్షణాలకు తిరుగుతున్న చప్పుడు. కట్టలో చేర్చుకోమని చెప్పాను. తెర మీద ఒక గీత, దాని పక్కన 0.1 శాతం అన్న అంకె కనిపించాయి. పైన కుర్రాళ్ళ పని ఆగలేదు. వాళ్ళకు సంగతే తెలియలేదు.

మా పెట్టెకు ఐదో గూడు ఉండి ఉంటే ఇంకా మంచిది. పాతది బతికుండగానే కొత్తదాన్ని పక్కన పెట్టి నకలు తీయించి, చివర్లో మార్చుకోవచ్చు. కట్ట ఒక్క నిమిషం కూడా బలహీనపడదు. కొత్తగా పెట్టుకునేవారు ఒక గూడు ఖాళీగా ఉంచుకోవాలని నా సలహా.

ఇక అసలు కాపలా. నాలుగు టెరాబైట్లు సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రాసినా ఏడుగంటల పైన పడుతుంది. మధ్యలో ఆల్బం పని కూడా నడుస్తుండడం వల్ల మాకు పదిహేను గంటలు పట్టింది. ఆ పదిహేను గంటలూ మిగిలిన మూడు డిస్కుల్లోని ప్రతి అక్షరమూ తప్పు లేకుండా చదవబడాలి. సాధారణ డిస్కుల మీద తయారీదారు రాసే హామీ ఏమంటే, కోటి కోట్లకు కాస్త తక్కువ కాదు, సరిగ్గా ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలన్ని బిట్లు చదివితే ఒకటికి మించి తప్పు రాదని. అది పన్నెండున్నర టెరాబైట్లు. మేము చదవవలసింది పన్నెండు! కాగితం మీది హామీ కంటే డిస్కులు నిజానికి బాగానే పనిచేస్తాయి గానీ, ఆ లెక్క వేసుకున్నాక అన్నం సహించలేదు. ఇందుకే పెద్ద డిస్కులు వాడేవారు ఇప్పుడు రెండు పోయినా తట్టుకునే రైడ్-6 వైపు వెళ్తున్నారు.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపు ఆ రెప్పపాటును యూపీఎస్ కాచింది. నలభై నిమిషాలు ఫ్యాన్లు కట్టేసి, ఇంట్లో అందరం ఉక్కలో కూర్చున్నాము. "పెళ్ళిళ్ళు చల్లగా ఉండాలంటే మనం ఉడకాల్నా?" అంది మా అత్త. అర్ధరాత్రి దాటాక నూరు శాతం అయింది. మామ అప్పటికి కుర్చీలోనే నిద్రపోయాడు.

కథ ఇంతటితో అయిపోతే ఇది డిస్కు మార్చే విధానం మాత్రమే అయ్యేది. నాకు కలిగిన అసలు ఆలోచన ఆ తర్వాతిది. నాలుగు డిస్కులున్నాయి గనుక భయం లేదని మామ ఐదేళ్ళు ధైర్యంగా ఉన్నాడు. కానీ రైడ్ కాపాడేది డిస్కు చావు నుంచి మాత్రమే. పొరపాటున ఒక ఫోల్డరును తుడిచేస్తే నాలుగు డిస్కులూ కలిసికట్టుగా, ఎంతో విధేయంగా దాన్ని తుడిచేస్తాయి. పిడుగు పడితే, దొంగ పెట్టెనే ఎత్తుకుపోతే, వైరసు తాళం వేస్తే సరి-బేసి లెక్క ఏమీ చేయలేదు. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' సినిమా తయారవుతుండగా, ఎవరో ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో సినిమాలో చాలాభాగం చెరిగిపోయింది. నకళ్ళు చూస్తే అవీ సరిగా లేవు. గాలిన్ సస్‌మన్ అనే ఆవిడ పసిబిడ్డతో ఇంట్లో ఉండి పనిచేయడానికి ఒక కంప్యూటరులో నకలు పెట్టుకుని ఉండబట్టి సినిమా దక్కింది. అంత పెద్ద సంస్థను ఆదుకున్నది వేరే ఇంట్లో ఉన్న ఒక నకలు!

ఈ సంగతి మా నాయనకు చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. వేరుశెనగ విత్తనపు కాయలు మా ఇంట్లో అన్నీ ఎప్పుడూ ఒకచోట ఉంచరు. కొన్ని మూటలు మా ఇంట్లో, కొన్ని మా పెదనాయన ఇంట్లో. "ఒకింటికి నిప్పంటుకున్యా, ఇంకో ఇంట్లో ఉంటాయి గదా" అంటాడు. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం కూడా ఇదే. నకళ్ళు మూడు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. క్రోగ్ గారికీ మా నాయనకూ పరిచయం లేదు. పోగొట్టుకుంటే మళ్ళీ రానిదాన్ని కాపాడుకోవలసిన వాళ్ళందరూ చివరికి ఒకేచోటికి చేరుతారు కాబోలు.

ఇప్పుడు నెలకొకసారి నేను ఊరికి పోయేటప్పుడు బయటి డిస్కు ఒకటి సంచిలో పోతుంది. దాన్ని మా అమ్మ బట్టల పెట్టెలో పెట్టి, పోయిన నెలది తెచ్చి మామకిస్తాను. అందులోంచి ఏదో ఒక పెళ్ళి తెరిచి చూస్తాము. తెరిచి చూడని నకలు నకలే కాదు. గూళ్ళకు సీరియల్ నంబర్ల చీటీలు అంటించాము. తీసేసిన డిస్కును పాతసామాన్ల వాడికి వేయకుండా డ్రిల్లుతో నాలుగు చోట్ల తూట్లు పొడిచాము; అందులో ఉన్నవి మనవి కావు, నమ్మి ఇచ్చినవాళ్ళవి. మిగిలిన మూడింటినీ ఆరునెలలకొకటి చొప్పున ఇదే పద్ధతిలో మార్చాలని మామ నిశ్చయం. ఆ ఆడబిడ్డకు వీడియో రెండు పెన్‌డ్రైవుల్లో ఇచ్చాడు. ఒకటి ఆమెకు, ఒకటి వాళ్ళ అమ్మ దగ్గర పెట్టమని. డబ్బు తీసుకోలేదు.

ఫైనలియర్ మిత్రులకు ఒక మాట. మన హాస్టల్లో ప్రాజెక్టు రిపోర్టు ఒకే పెన్‌డ్రైవులో వేసుకుని తాళంచెవుల గుత్తికి తగిలించుకుని తిరిగేవారు గదికొకరు ఉన్నారు. వారికి నాలుగు డిస్కుల పెట్టె అక్కరలేదు. ఒక నకలు స్నేహితుడి దగ్గర, ఒకటి ఇంటి దగ్గర ఉంటే చాలు. ఖర్చు లేని పని, పది నిమిషాల పని. డిస్కు బాగున్న రోజునే చేయవలసిన పని.